సౌండ్ మీటరు అక్కర్లేని సెక్షన్లు

సంపాదకుల వారికి,

నమస్కారం. హారన్ల మీద, డీజేల మీద, కళ్లలో కొట్టే హెడ్‌లైట్ల మీద పత్రికలకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. చాలావాటిలో చివరి వాక్యం ఒకటే: "వీటికి కఠినమైన చట్టం తేవాలి." కొత్తగా తేవాల్సిన పనేమీ లేదండి. అన్నీ ఉన్నాయి. కొన్నిటికి పాతికేళ్లు, కొన్నిటికి ముప్పై ఐదేళ్లు నిండాయి. అయితే వాటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పుస్తకంలోనే పడుకుంటాయి. డెసిబెల్స్ కొలిచి నిరూపించాల్సినవి పడుకుంటాయి. గోడ గడియారం, రెండు కళ్లు ఉంటే తేలిపోయేవి పనిచేస్తాయి. ఫిర్యాదు చేసేవాళ్లు ఎందుకో మొదటి రకాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. రెండో రకాన్ని ఎలా వాడుకోవాలో చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు మైకు సంగతి. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. జనం ఈ పట్టిక ఫోన్లో చూపించి, అదే ఫోన్లో ఏదో యాప్ తెరిచి, "చూడండి సార్, 82 కొడుతోంది" అంటారు. ఎస్సై గారు తలూపుతారు. అంతటితో సరి.

అందులో ఎస్సై గారి తప్పు కొంతే. పట్టికలోని అంకె ఒక్క క్షణం మోగిన శబ్దానికి పెట్టింది కాదు, కొంతసేపు కొలిచి తీసిన సగటుకి పెట్టింది. ఫోన్ మైకేమో మనిషి మాట కోసం తయారైంది. పెద్ద శబ్దం రాగానే తనంతట తానే తగ్గించుకుంటుంది. పక్కపక్కనే రెండు ఫోన్లు పెట్టి చూడండి, రెండు అంకెలు వస్తాయి. పైగా బస్సులు తిరిగే వీధిలో మైకు లేని రోజున కూడా 55 దాటే ఉంటుంది. "ఇందులో మా వాటా ఎంత?" అని అవతలి వకీలు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

డీజే దగ్గరికొస్తే ఇంకో చిక్కు ఉంది. ఇది చాలామందికి తెలియదు. నిబంధనల్లో లెక్కంతా డీబీ-ఏ. అంటే మనిషి చెవికి తగ్గట్టు సర్దిన కొలత. లోతైన బేస్ శబ్దాన్ని అది బాగా తగ్గించి చూపిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. కిటికీ అద్దాలు గలగలలాడటం, అటక మీద గిన్నెలు కదలటం, గుండెల్లో దడదడ, ఇవన్నీ ఆ బేస్ బాక్సుల పనే. ఇల్లంతా అదురుతుంటే మంచి మీటరు కూడా "మరీ అంత లేదే" అన్నట్టు చూపించేది అందుకే. కొంచెం ఖరీదైన మీటర్లలో బేస్‌ను అంతగా తగ్గించని సి కొలత కూడా ఉంటుంది. ఏ, సి రెండూ రాసుకుని చూసినప్పుడు తేడా 15 దాటితే, గొడవంతా బేస్‌దే అని అర్థం. తెలుసుకోవడానికి బాగానే ఉంటుంది గానీ చట్టం సి కొలతను అడగదు.

అందుకని అంకెలు పక్కన పెట్టి అదే నిబంధనల్లో 5వది చదవండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్, ఆంప్లిఫయర్, వాయిద్యం ఏదీ వాడకూడదు. ఎంత సౌండ్ అన్న ప్రశ్నే అందులో లేదు. పది దాటాక చిన్నగా మోగించినా తప్పు తప్పే. ప్రజలందరికీ సంబంధించిన అత్యవసర పరిస్థితిని పక్కన పెడితే, మినహాయింపల్లా మూసిన హాలుకి, అదీ లోపల కూర్చున్నవాళ్లకి వినిపించేంత వరకే. మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు, షామియానా, పచ్చగడ్డి మీద స్టేజీ వేసిన "గార్డెన్స్" మూసిన హాలు కిందకి రావు. ఫంక్షన్ హాలు వాళ్లు ఎక్కువగా ఆడే మాట ఇదే: "మాది హాలేగా సార్." తలుపులు మూసి, స్పీకర్లు లోపల పెడితే హాలే. స్పీకర్లు వాకిట్లోకి తెస్తే కాదు.

పండగల సడలింపు ఉంది కదా అంటారు. ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా, రాత్రి 10 నుంచి 12 దాకా అనుమతించవచ్చు. ఆ రోజులేవో ముందే ప్రకటించాలి. అర్ధరాత్రి దాటాక ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ప్రతి ఉత్సవ కమిటీకీ తలా పదిహేను రోజులని కాదు దీని అర్థం. వినాయక నవరాత్రులు, దసరా నవరాత్రులు కలిపితేనే పద్దెనిమిది అయ్యాయి. ఇక ఉగాది, క్రిస్మస్, రంజాన్, ఊరి జాతర ఎక్కడ సర్దుతారో మీరే చెప్పండి.

తెల్లవారుజాము మైకులకు కూడా ఇదే గడియారం. ఆరు కొట్టే దాకా చట్టం దృష్టిలో రాత్రే. ధనుర్మాసంలో తిరుప్పావై అయినా, మసీదు మైకు అయినా, చర్చి పాటలైనా తేడా లేదు. ప్రార్థనకు మైకు తప్పనిసరి అని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో చెన్నైకి చెందిన ఒక చర్చి కేసులో తేల్చేసింది. 2005 జులై 18న ఇచ్చిన పెద్ద తీర్పులో రాత్రి నిషేధాన్ని మరింత గట్టి చేసింది. ఈ విషయం మీద ఫిర్యాదు చేసేటప్పుడు ఒక్క ప్రార్థనా స్థలం పేరే రాస్తే అది మతం గొడవగా మారిపోతుంది. మీ వార్డులో ఆరుకు ముందు మోగే మైకులన్నీ, టైముతో సహా, ఒకే కాగితంలో రాయండి. అందరికీ ఒకే నోటీసు ఇవ్వడం అధికారులకూ తేలిక.

పగటి పూట కూడా మీటరు లేకుండా అడగదగిన ప్రశ్న ఒకటుంది: "అనుమతి కాగితం ఏదీ?" రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ పెట్టడమే తప్పు. బారాత్ ముందు నడిచే డీజే బండ్లలో ఆ కాగితం ఉన్నవి ఎన్నో, ఆపి అడిగితే గానీ తెలియదు.

ఇక ఫోన్ చేయడం. 112కి చేసి "సౌండ్ ఎక్కువగా ఉందండీ" అంటే, పెట్రోలింగ్ బండి వస్తుంది, వాళ్లు తగ్గిస్తారు, బండి మలుపు తిరగ్గానే మళ్లీ పెంచుతారు. దాని బదులు ఇలా చెప్పండి: "టైము పది ఇరవై. ఫలానా వీధిలో ఆరుబయట మైకు మోగుతోంది. తగ్గించడం కాదు, ఆపించాలి." మీ మాటల్లో చోటు, గంట, ఆరుబయట అన్న మూడూ పడాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఇరవై ముప్పై సెకన్ల వీడియో తీయండి. మొదట గోడ గడియారమో ఇంకో ఫోన్లో టైమో చూపించి, అక్కణ్ణుంచి ఆపకుండా కెమెరాను స్పీకర్ల వైపు తిప్పండి. మధ్యలో కట్ చేస్తే ఆ వీడియో బలం సగం పోతుంది. వచ్చిన పోలీసులు పట్టుకెళ్లాల్సింది స్పీకర్లు కాదు. మిక్సరో, ఆంప్లిఫయరో తీసుకెళితే మిగతా పెట్టెలన్నీ కట్టె పెట్టెలే.

ఫిర్యాదుదారులు అసలు భయపడేది సౌండ్‌కి కాదు, తమ పేరు బయట పడుతుందని. వచ్చిన కానిస్టేబుల్ మండపం దగ్గర నిలబడి ఫిర్యాదు చేసినవాళ్లకే ఫోన్ కొట్టి "మీరేనా చేసింది, కిందికి రండి" అంటే, మర్నాటి నుంచి ఆ వీధిలో వాళ్ల బతుకేంటి? ఫోన్ చేసినప్పుడే "నా పేరు, ఇల్లు చెప్పొద్దు, నాకు ఫోన్ చేయొద్దు" అని గట్టిగా చెప్పాలి. రోజూ జరిగే గొడవైతే అపార్ట్‌మెంట్ సంఘం పేరు మీద కాగితం పెట్టడం మేలు.

ఆ కాగితం ఎవరికి? నిబంధనల ప్రకారం అధికారం ఉన్నది కలెక్టరు, పోలీసు కమిషనర్, లేదా ప్రభుత్వం నియమించిన, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారికి. స్టేషన్‌లో ఇచ్చినా ఒక ప్రతి వీళ్లలో ఒకరికి వెళ్లాలి. రసీదు తీసుకోవాలి. అడగాల్సింది "చర్య తీసుకోండి" అని కాదు, "8వ నిబంధన కింద రాతపూర్వక ఆదేశం ఇవ్వండి" అని. ఎందుకంటే మామూలు ఉపద్రవానికి భారతీయ న్యాయ సంహిత 292 కింద జరిమానా వెయ్యి రూపాయల లోపే, డీజే అద్దెలో అది లెక్కలోకి రాదు. ఆపమని అధికారి ఆదేశించాక కూడా కొనసాగిస్తే మాత్రం 293 వర్తిస్తుంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. చేతిలో కాగితం లేకపోతే 293 దాకా వెళ్లలేం. వర్క్‌షాపు, జనరేటరు, రోజూ మోగే ఫంక్షన్ హాలు లాంటి ఎడతెగని పీడకైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152 కింద ఆర్డీవో కోర్టుకి వెళ్లొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133 అదే. పర్యావరణ చట్టం కింద 10,000 నుంచి 15 లక్షల దాకా జరిమానా ఉంది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అది వేసేది పోలీసులు కాదు, విచారణాధికారి. ఆ రాత్రికి నిద్ర తెచ్చిపెట్టేది కాదు.

హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు మొదట్లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు, మిక్సర్లు వద్దని నిషేధం పెట్టారు. దాని మీద వాదోపవాదాలు ఎలా ఉన్నా పద్ధతి సరైనదే. మిక్సరు ఉందా లేదా అన్నది ఎవరికైనా కళ్లతో కనిపిస్తుంది.

ఇప్పుడు హారన్. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194ఎఫ్ చదివితే ముచ్చటేస్తుంది. అవసరం లేకుండా, ఎడతెరిపి లేకుండా, భద్రతకు కావాల్సిన దానికంటే ఎక్కువగా హారన్ కొట్టినా, నో హారన్ బోర్డు ఉన్నచోట కొట్టినా వెయ్యి రూపాయలు, రెండోసారి రెండు వేలు. కోర్టు దాకా వెళ్లకుండా అక్కడే కట్టే రాజీ రుసుము రాష్ట్రాన్ని బట్టి మారొచ్చు. డెసిబెల్ అన్న మాటే అందులో లేదు. ఎర్ర లైటు పడి ముందు ఇరవై బండ్లు ఆగి ఉండగా వెనక నుంచి హారన్ కొట్టడం అవసరమా కాదా అన్నది తేల్చడానికి మీటరెందుకు? కూడలిలోని కెమెరాలు హెల్మెట్ లేని తలను పట్టినట్టు హారన్ మోతను పట్టలేవు, నిజమే. కానీ కానిస్టేబుల్ చెవులు పట్టగలవు. ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి ఆరు దాకా అత్యవసరానికి తప్ప హారన్ వాడొద్దని శబ్ద నిబంధనల్లో 5ఎ కూడా చెబుతోంది. అపార్ట్‌మెంట్ గేటు ముందు వాచ్‌మన్‌ను లేపడానికి కొట్టే హారన్ అత్యవసరం కాదు.

మామూలు హారన్ కూడా తక్కువదేం కాదు. బండికి ఏడు మీటర్ల దూరంలో 112 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. అడ్డు లేని చోట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 తగ్గుతుంది. 14 మీటర్ల దగ్గర 106, 28 దగ్గర 100, 56 మీటర్ల దగ్గర కూడా ఇంకా 94. రోడ్డుకు యాభై అడుగుల్లో పడకగది ఉన్నవాళ్ల సంగతి దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఎయిర్ హారన్ దగ్గర పని ఇంకా తేలిక. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది, పలు స్వరాలు మార్చి మార్చి మోగే హారన్‌నీ, కర్ణకఠోరంగా మోగే ఏ పరికరాన్నయినా బండికి బిగించడాన్నే తప్పంటుంది. మోగించనక్కర్లేదు, ఉంటే చాలు. బోనెట్ ఎత్తితే లేదా బంపర్ వెనక చూస్తే పొడుగాటి బాకాలు రెండో మూడో కనిపిస్తాయి. కార్లలో వాటి పక్కన అరచేతిలో పట్టే కంప్రెసరు, ఒక రిలే ఉంటాయి. లారీల్లో, బస్సుల్లో కంప్రెసరు వేరే ఉండదు. ఎయిర్ బ్రేకు ట్యాంకు నుంచే టీ జాయింటు వేసి ట్యూబు లాగుతారు. ఇక్కడే అసలు ప్రమాదం. ఆ జాయింటు దగ్గర లీకైతే తగ్గేది బ్రేకుకు వెళ్లాల్సిన గాలి. ఘాట్ రోడ్డు దిగుతూ మలుపు మలుపుకీ హారన్ నొక్కే డ్రైవరు, బ్రేకు కోసం దాచుకోవాల్సిన గాలిని బాకాలోకి ఊదేస్తున్నాడు. స్టీరింగ్ కింద అదనంగా ఒక స్విచ్చి కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఇవన్నీ ఫిట్‌నెస్ రోజున విప్పేసి, మర్నాడు బిగించుకునేవే. కాబట్టి టీ జాయింటుకు కొట్టిన బిరడా కోసం కూడా చూడాలి. బాకా లేకపోయినా బిరడా ఉందంటే బాకా ఎక్కడో ఉన్నట్టే.

రివర్స్ గేరు వేయగానే సినిమా పాట వాయించే కార్లు కూడా ఈ 119 కిందకే వస్తాయి. ఆ చిన్న పెట్టెకు వచ్చేవి రెండే తీగలు, వెనక లైటు దగ్గర. పీకేయడానికి ఐదు నిమిషాలు చాలు. దాన్ని బిగించినవాడికి ఆ ఐదు నిమిషాలు దొరకవు.

ముంబై పోలీసులు చేసిన ఒక తమాషా 2020 జనవరి ఆఖర్లో బయటికి వచ్చింది. సిగ్నల్ స్తంభానికి డెసిబెల్ మీటరు కట్టి, మోత 85 దాటితే ఎర్ర లైటు లెక్క మళ్లీ మొదటికి వచ్చేట్టు పెట్టారు. మీటరు పనికొచ్చిన చోటు అదొక్కటే అనిపిస్తుంది. కోర్టులో నిరూపించక్కర్లేదు కనుక. నోరు మూసుకుని కూర్చున్నవాడికి కూడా అదే శిక్ష పడుతుంది, అది వేరే సంగతి.

సైలెన్సర్ల విషయం క్లుప్తంగా. 175 సీసీ దాటిన బైకుకు కంపెనీలో పెట్టిన హద్దు 80 డెసిబెల్స్. లోపలి జాలీ గొట్టాలు కోసేసినా, మొత్తం గొట్టమే మార్చినా అది ఎటో పోతుంది. రోడ్డు మీద కొలవక్కర్లేదు. కంపెనీ ముద్ర లేని గొట్టం, వెనక నుంచి టార్చి వేస్తే అడ్డు లేకుండా లోపలికి దూసుకుపోయే వెలుగు, ఈ రెండూ చాలు. మోటారు వాహనాల చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 జరిమానా. 190(2) కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. కుర్రాళ్లు భయపడేది ఆ చివరి దానికే.

హెడ్‌లైట్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో చాలామంది తెలియక చేస్తున్నవాళ్లే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెప్పే కొలత ఎంత సులువుగా ఉందో చూడండి: లైటుకు 8 మీటర్ల దూరంలో, కుడి పక్కకు అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లకు ఆ వెలుగు కొట్టకూడదు. టేపు, ఒక కర్ర ఉంటే చాలు. తప్పు సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది బల్బు. బ్రైట్, డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండే మామూలు హెచ్4 రకం అడుగున 60/55 వాట్లు అని ఉంటుంది. 100/90 అని ఉంటే అది రోడ్డుకు పనికిరాదు. వైరింగు, హోల్డరు కూడా కాలుస్తుంది. రెండోది, హాలోజెన్ కోసం చేసిన అద్దంలో ఎల్ఈడీ బల్బు దూర్చడం. ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు కాబట్టి, రిఫ్లెక్టరు దాన్ని ఎటు పడితే అటు విసిరేస్తుంది. డిమ్ వేసినా ఎదుటివాడికి బ్రైట్‌లాగే ఉంటుంది. యజమానేమో "డిమ్‌లోనే ఉన్నానుగా" అని ప్రమాణం చేస్తాడు, అతని మటుకు అది నిజమే. మూడోది దిగువకు వంచకపోవడం. వెనక సామాను, మనుషులు నిండగానే బండి ముక్కు లేస్తుంది, దాంతో వెలుగూ లేస్తుంది. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉన్నది దానికే. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తిప్పి ఉండరు.

ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. చదునైన చోట, గోడకు పది మీటర్ల దూరంలో బండి ఆపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు 10 నుంచి 15 సెంటీమీటర్ల కింద పడాలి. గీత దాటి పైకి పోతుంటే లైటు వెనక ఉన్న మర తిప్పి దించాలి. పై అంచే కనబడక గోడంతా తెల్లగా పరుచుకుంటే మర తిప్పి లాభం లేదు, బల్బే మార్చాలి. ఒకప్పుడు హెడ్‌లైటు మీద నల్ల చుక్క వేయించేవారు. అది నాటి అద్దాలకు సరిపోయిన చిట్కా, ఇప్పటి వాటికి కాదు.

కిళ్లీ ఉమ్ములు, గేటుకు అడ్డంగా పార్కింగు, అంబులెన్సుకు దారివ్వకపోవడం, వీటికీ సెక్షన్లున్నాయి. చివరిదానికైతే 194ఇ కింద పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇవీ కంటికి కనిపించేవే కాబట్టి పెద్దగా చెప్పక్కర్లేదు. బస్సులో ఇయర్‌ఫోన్ లేకుండా రీల్స్ చూసేవాళ్లనీ, లైన్లో దూరేవాళ్లనీ, ఆస్పత్రి వరండాలో స్పీకర్‌లో పెట్టి వియ్యాలవారితో మాట్లాడేవాళ్లనీ జైల్లో పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ కండక్టరో, నర్సో, పక్క సీటు పెద్దాయనో గట్టిగా ఒక మాట అంటే సరిపోతుంది. పోలీసు చేతికి అలాంటి చట్టం ఇస్తే అది ముందు పడేది బీదవాడి మీదే.

ప్రభుత్వాలకు చెప్పాల్సినవి ఖర్చులేని పనులే. ఎస్సైలకు ఇచ్చే శిక్షణలో డెసిబెల్ పట్టికకు ముందు 5వ నిబంధన, 194ఎఫ్ చెప్పాలి. ఫిట్‌నెస్ కాగితంలో హారన్ గడి పక్కన గాలి ట్యాంకు జాయింటుకు ఇంకో గడి చేర్చాలి. 100/90 బల్బులు, బాకా హారన్లు అద్దాల బీరువాల్లో పెట్టి అమ్మే యాక్సెసరీస్ దుకాణాలను వదిలేసి రోడ్డు మీద కుర్రాళ్లనే ఆపడం మానాలి. మైకు అనుమతి కాగితాన్ని, ఆపాల్సిన గంట పెద్ద అంకెల్లో రాసి, మండపం ముందు అంటించమనాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఏటా వినాయక చవితికి వారం ముందు, ఆ ఏడాది రాత్రి పన్నెండు దాకా సడలింపు ఇచ్చిన తేదీలేవో కనుక్కుని జిల్లా పేజీల్లో చిన్న బాక్సు కట్టి వేయండి. సడలింపు ఇవ్వకపోతే, ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
విశ్రాంత మోటారు వాహనాల తనిఖీ అధికారి,
కాకినాడ